దారిసంచి

పోయిన వారం బేస్తవారిపేటలో బస్సు కోసం ఒక టీ అంగడిలో కూర్చున్నాను. ఆ అంగడి తలుపుకు గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట రెండు కొండీలున్నాయి, వాటిల్లోంచి బండిచీల ఒకటి దూర్చి ఉంది. చీలంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. ఎద్దులబండి ఇరుసు చివర, చక్రం జారిపోకుండా దిగేసే జానెడు ఇనుపముక్క అది. అది ఊడిందంటే చక్రం ఒక దారిన పోతుంది, బండి ఉన్నచోటే బోర్లా పడుతుంది.

"ఇది ఎక్కడిది నాయనా?" అని టీ కలిపే అతన్ని అడిగాను.

"మా తాత కాలంది. అప్పట్ల ఈ పంచలో ఒక సంచి ఏలాడతా ఉండేదంట. ఎవురి బండి చీల ఊడితే వాళ్లు తీసుకపోవడమే. ఇప్పుడు బండ్లేడుండాయి? ఊరికే ఎందుకని తలుపుకు పెట్టినాం."

"తీసుకుపోయినవాడు?"

"తీసినోడు పెట్టాల," అన్నాడు గ్లాసులు కడుగుతూనే. "మా నాయన ఎప్పుడూ అంటా ఉండేవాడు. ఆ పద్ధతి ఎవురు పెట్టినారో మాకు తెలీదు."

నాకు తెలుసు. టీ సగం వదిలేసి బయటికొచ్చి నిలబడ్డాను. గిద్దలూరు బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, మా తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, మార్కాపురం దగ్గరి రైలు స్టేషన్లో నేను గూడ్సు గుమాస్తాను. ఆయన పేరు వందలసార్లు నా చేత్తో రాసి, పక్కన ఆయన వేలిముద్ర వేయించుకున్నాను. కానీ ఆయన కట్టిన సంచుల మీద ఏ పేరూ లేదు. అందుకని నేనూ ఇక్కడ పేరు పెట్టను. అందరూ పెద్దాయన అనేవాళ్లు. నేను పెద్దనాయనా అనేవాణ్ణి.

పన్నెండు బండ్లకు పెద్ద ఆయన. స్టేషన్ నుంచి మార్కాపురం మీదుగా యర్రగొండపాలెం, అది దాటి నల్లమల అంచున ఉన్న చెంచుగూడెం దాకా ఆయన బండ్లే తిరిగేవి. పోయేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, బట్టలు. వచ్చేటప్పుడు వెదురు, చింతపండు, కుంకుడుకాయలు, దారిలో మార్కాపురం పలకల పెట్టెలు. పన్నెండు బండ్లున్న మనిషి, ఒక్కనాడూ బండెక్కగా నేను చూడలేదు. నడిచేవాడు. అదీ ముందు బండి పక్కన కాదు, చివరి బండి వెనక.

"పెద్దోడివి, ముందు నడవచ్చు గదా?" అని ఒకసారి అడిగాను.

"ముందున్నోడికి దారి కనపడ్తాది నాయనా. ఎనకున్నోడికి బండ్లు కనపడ్తాయి," అన్నాడు.

మజిలీలో ఆగగానే పన్నెండు బండ్ల ఇరుసుల దగ్గరా చెయ్యి వెనకవైపు ఆనించి చూసేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. వేడిగా ఉంటే కందెన వెయ్యమనేవాడు. సంగటి ముద్ద ఎప్పుడూ సగమే తినేవాడు. మిగతా సగం తువ్వాలులో కట్టుకుని, తర్వాతి మజిలీ కనిపించాక, అక్కడ ఎదురొచ్చిన మొదటి కుక్కకు పెట్టేవాడు. బండి తోలేవాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆకలి తీరకుండా అట్లా దాచుకోవడమెందుకని నేనూ నవ్వాను. మజిలీ చేరకపోయిన రోజు ఆ సగం ముద్దే రాత్రికి తిండి అని నాకు తర్వాతగానీ తెలియలేదు.

మొదటిసారి ఆయనతో మాట్లాడింది మా గూడ్సు షెడ్డులో. మాట్లాడిందంటే, గొడవపడింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. రైలు కంపెనీ కోటు కొత్త, కళ్లు నెత్తిమీద ఉన్నాయి. ఏ సరుకు ఏ బండిలో ఎక్కించాలో చక్కగా కాగితం మీద రాసిచ్చాను. ఉప్పు అంతా ఈ నాలుగు బండ్లు, బట్టలు ఈ రెండు, అట్లా. దించేచోట తేలిగ్గా ఉంటుంది, ఎవరైనా మెచ్చుకోవాలి. ఆయన ఆ కాగితాన్ని నాచేతే చదివించుకుని, మడిచి తలపాగాలో పెట్టుకుని, పన్నెండు బండ్లలోనూ అన్నీ కొంచెం కొంచెం ఎక్కించాడు. కిరసనాయిలు డబ్బాలు మాత్రం ఉప్పుకు వాసన తగలకుండా ప్రతి బండి కిందా వేలాడగట్టించాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది పెద్దనాయనా ఇది? పన్నెండు బండ్లలో పన్నెండు అంగళ్లు పెట్టినావా?"

"అవు నాయనా."

"ఎందుకు?"

"వాగుల ఒక బండి బోల్తాపడిందనుకో. నువ్వు రాసినట్ల ఎక్కిస్తే దాంతోపాటు ఊరికి ఉప్పో, బట్టో పాయ. నేను ఎక్కించినట్లయితే అన్నీ పిసరంత తగ్గుతాయి. ఏదీ లేకుండా పోదు."

"బండెందుకు బోల్తాపడుతుంది?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నీకు పెండ్లయిందా?"

"అయింది."

"ఆ అమ్మినడుగు, చెప్తాది."

షెడ్డులో హమాలీలు నవ్వారు. నేను చీటీల పుస్తకంలో తలదూర్చాను. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం వారం రోజులు ఆయన మొహం చూడలేదు.

ఆయనకొక ఊతపదం ఉండేది. ఊతపదమంటే మాట కాదు, ప్రశ్న. ఎవరు ఏం చెప్పినా, "రెండోది ఏది?" అనేవాడు. ఈ వాగు దాటి పోతామంటే, రెండో దారి ఏది? ఈ తాడుతో కడతామంటే, రెండో తాడు ఏది? పలకల పెట్టెలు కట్టేవాళ్లు గడ్డి పరిచి పలకల్ని పడుకోబెడుతుంటే దగ్గర కూర్చుని, "పడుకోబెడితే పగుల్తాది, నిలబెట్టండి, నడుమ గడ్డి దూర్చండి," అని చెప్పి, చివరికి, "ఈ పెట్టె పగిల్తే రెండోది ఏది?" అని తేల్చేవాడు. కొమరోలులో ఒక పెళ్లికి పోయి, గాడిపొయ్యి దగ్గర వంటాయన్ని, "వానొస్తే రెండో పొయ్యి ఏడ?" అని అడిగాడట. వంటాయన గరిటె చూపించి పంపించాడట. వాన మాత్రం రాలేదు. ఆ సంగతి బండివాళ్లు ఏడాదిపాటు చెప్పుకుని నవ్వారు, ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు.

మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మంచినీళ్లు అడిగాడు. స్టేషన్ పక్క కంపెనీ క్వార్టర్లో ఒక గది, ఒక వసారా. నా భార్యకప్పుడు పద్దెనిమిదేళ్లు. చెంబుతో నీళ్లిచ్చింది. తాగి, "ఈ కుండ పగిల్తే రెండోది ఏదమ్మా?" అన్నాడు. మొదలెట్టాడ్రా అనుకున్నాను. ఆమె తలుపు మూలకు పోయి, గుడ్డ కప్పి ఉన్న ఇంకో కుండను చూపించింది. నిండుగా ఉంది. అట్లాంటి కుండ మా ఇంట్లో ఉన్నట్టు నాకే తెలియదు.

"చూసినావా," అన్నాడు నాతో. "ఈ అమ్మికి తెలుసు. నీకే తెలీదు."

ఆ రోజునుంచి ఆమెకు ఆయన మామ అయ్యాడు. బండ్లొచ్చినప్పుడల్లా తేనో, ఉసిరికాయలో అడవి అంచునుంచి ఆమె కోసం వచ్చేవి.

ఇక దారిసంచుల సంగతి. స్టేషన్‌కు మూడు మైళ్ల దూరంలో రోడ్డువారగా ఒక కమ్మరి కొలిమి ఉండేది, అది మొదటి మజిలీ. రెండోది ఒక పల్లెలో పాడి పెట్టుకున్న అవ్వ పంచ. మూడోది చెంచుగూడెం. మూడుచోట్లా చూరుకు ఒక తోలుసంచి వేలాడుతుండేది. అందులో రెండు చీలలు, ఒక పలుపుతాడు, వెదురుగొట్టంలో కందెన, మైనపుగుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె, గుప్పెడు ఉప్పు, రెండు కొయినా పొట్లాలు. కొయినా అంటే క్వినైన్. నల్లమల అంచున చలిజ్వరం రాని ఇల్లు లేదు ఆ రోజుల్లో.

ఎవరైనా తీసుకోవచ్చు. ఆయన బండివాళ్లే కానక్కర్లేదు, దారిన పోయే ఎవరైనా. లెక్క లేదు, రాత లేదు. తీసినోడు పెట్టాల, అంతే. ఇంకో నియమం ఉంది, ఎవరు తీశారని అడక్కూడదు. "అడిగితే సిగ్గుపడి తియ్యరు. తియ్యకుంటే ఆడ ఉండి ఏం లాభం?" అనేవాడు. పైసంచిలో తరిగితే కిందిసంచిలోంచి తీసి నింపేవాళ్లు, మూడోదానికి రెండోది, రెండోదానికి మొదటిది. మొదటిది మాత్రం స్టేషన్ నుంచో, కొయినా పొట్లాలు అమ్మే పోస్టాఫీసు నుంచో నిండాలి. తర్వాత ఈ పద్ధతి చూసి బేస్తవారిపేట లాంటి వేరే దారుల్లోనూ సంచులు కట్టుకున్నారు.

నాకిదంతా చాదస్తంగా కనిపించేది. "రోజూ రైలొస్తాంది పెద్దనాయనా. ఏం కావాలంటే అది రేపు దిగుతాది. ఊరూరా సంచులు కట్టి ఎలకలకు పెట్టడమెందుకు?" అన్నాను.

"రైలు మంచిదే నాయనా. రెండో రైలు ఏది?"

మా స్టేషన్ మాస్టరు గదిలో మందుల అలమర ఒకటి ఉండేది. ఏ మందు తరిగిందో చూసి నెలనెలా తెప్పించడం నా పని. రేపు దిగుతుంది కదా అని నేను తెప్పించడం తగ్గించాను. అలమర ఖాళీగా ఉంటే దుమ్ము దులపడం తేలికని కూడా అనుకున్నాను. ఇదీ నా తెలివి.

ఆ ఏడు వానలు ఆగకుండా కొట్టాయి. రైలుకట్ట తెగింది. గుండ్లకమ్మలో కలిసే వాగులన్నీ ఒకేసారి పొంగాయి. మార్కాపురం పోవడానికి లేదు, కంభం పోవడానికి లేదు. స్టేషన్లో సిగ్నలు చెయ్యి దించి ఉంది, రైలు మాత్రం రాదు. నాలుగో రోజు పొద్దున నా భార్యకు చలి మొదలైంది. రెండు కంబళ్లు కప్పినా మంచం కదులుతోంది. మధ్యాహ్నానికి ఒళ్లు పెనంలా కాలింది. మరునాడు అదే వేళకు మళ్లీ. ఆమె అప్పుడు మూడో నెల గర్భిణి. అలమర తెరిచాను. దుమ్ము కూడా లేదు, అంత శుభ్రంగా పెట్టుకున్నాను.

డాక్టరు వాగు అవతల ఉన్నాడు.

పెద్దాయన బండ్లు ఆ వానకు షెడ్డు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. చెప్పగానే లేచాడు. ఆ ఒక్కరోజు "రెండోది ఏది?" అని అడగలేదు. "కొలిమి ఈ పక్కనే గదా ఉండేది, పా," అన్నాడు. తలమీద గోనెసంచులు కప్పుకుని మోకాలిలోతు బురదలో ఇద్దరం నడిచాం. కొలిమి చూరు కింద సంచి తడవకుండా ఉంది. ఆయన తియ్యలేదు, పక్కకు నిలబడ్డాడు.

"తియ్యి నాయనా," అన్నాడు. "నీ చేత్తో నువ్వు తీసుకో."

రెండు పొట్లాలూ తీసుకున్నాను. మూడు రోజుల్లో ఆమెకు జ్వరం విడిచింది. కడుపులో బిడ్డ నిలవలేదు. ఆమె మాత్రం నిలిచింది. ఆ పొట్లాలు ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే ఆమె కూడా దక్కేది కాదని తర్వాత డాక్టరు అన్నాడు.

వాగులు తగ్గాక ఆయన బండ్లు బయల్దేరాయి. ఒక బండి నిజంగానే వాగులో బోల్తాపడింది. యర్రగొండపాలెం అంగళ్లకు ఉప్పు కాస్త తగ్గింది, బట్టలు కాస్త తగ్గాయి. ఏదీ లేకుండా పోలేదు. ఆ సంగతి ఆయన నాకు చెప్పనేలేదు, హమాలీలు చెప్పారు.

రెండు వారాలకు రైలు నడిచింది. అలమర నిండా మందులొచ్చాయి. అదేరోజు రెండు కొయినా పొట్లాలు తీసి, కాగితంలో చుట్టి, నా కంపెనీ కోటు జేబులో పెట్టుకున్నాను, కొలిమి దాకా పోయి సంచిలో వేసి రావాలని. ఆదివారం పోదామనుకున్నాను. ఆ ఆదివారం పలకల పెట్టెలొచ్చాయి. తర్వాతి ఆదివారం ఎవరో చుట్టాలు. తర్వాత ఎండలు ముదిరాయి, కోటు మేకుకు ఎక్కింది. ఎండలు తగ్గాయి. మళ్లీ వానలు. ఎంత, మూడు మైళ్లే కదా, ఎప్పుడైనా పోవచ్చు అనుకున్నాను. దగ్గరున్న పని ఎప్పుడూ ఇంతే, దూరమున్నదైతే ఎప్పుడో చేసి ఉండేవాణ్ణి.

నా భార్య ఒకసారి అడిగింది. "మామ సంచిలో పెట్టొచ్చినావా?"

"ఎప్పుడో పెట్టినా," అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ చెప్పలేను. ఆ నిమిషానికి నోట్లోంచి అదే వచ్చింది.

పెద్దాయన పదిహేను రోజులకొకసారి వస్తూనే ఉన్నాడు. తీసింది నేనని తెలిసినవాడు ఆయనొక్కడే. ఒక్కసారి అడగలేదు. అడక్కూడదన్నది ఆయన పెట్టిన నియమమే కదా. "అమ్మి ఎట్లుంది?" అనేవాడు, బాగుందనేవాణ్ణి, తేనె పట్టు ఇచ్చి పోయేవాడు. ప్రతిదానికీ రెండోది అడిగే మనిషి, ఆ రెండు పొట్లాలు తనే కొని ఎందుకు వెయ్యలేదా అని నేను ఏళ్ల తరబడి ఆలోచించాను. మంచి చీల దిగేసి ఉన్నచోట ఇంకో చీల కొట్టరు. నన్ను ఆయన ఆ మంచి చీల అనుకుని ఉంటాడు.

మార్గశిరంలో చలి మొదలైంది. ఒక పొద్దున కోటు దులిపి వేసుకుని షెడ్డుకు పోయేసరికి బండ్లు వచ్చి ఉన్నాయి. చివరి బండి వెనక మనిషి లేడు. ఆ బండిలో, వెదురుబొంగుల మీద గడ్డి పరిచి, కంబళి కప్పి పడుకోబెట్టి ఉన్నాడు. ఆయన్ని బండిలో చూడటం అదే మొదటిసారి.

బండివాళ్లు చెప్పింది ఇది. చెంచుగూడెంలో ఆయనకు చలిజ్వరం తగిలింది. మూడోసంచిలో చెయ్యి పెడితే కొయినా లేదు. వానాకాలంలో గూడెంలో పిల్లకు వాడారు, కిందినుంచి నింపుదామంటే రెండోది అప్పటికే ఎవరికో అయిపోయి ఉంది. రెండోదాన్ని నింపుదామని కొలిమి దగ్గరకొస్తే మొదటిది ఖాళీ. తీసినవాడు పెడతాడులే అని ఎవరికి వాళ్లు ఊరుకున్నారు. అడక్కూడదు కదా. నేను ఖాళీ చేసింది మొదటి సంచిని. కరువు పడింది మూడోదానిలో. గూడ్సు గుమాస్తాను నేను, ఎక్కడ తెగితే ఎక్కడ ఆగుతుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి?

చెంచు కుటుంబమే ఆయన్ని కాపాడింది. నేలవేము కషాయం కాచి మూడు రోజులు పట్టారు. ఆలోగా ఒకడు మార్కాపురం దాకా పోయి మందు తెచ్చాడు. ప్రాణం నిలిచింది. జ్వరానికి ప్లీహం ఉబ్బి కడుపులో బల్ల పెరిగింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"మొదటి సంచిది ఎవుడు తిన్నాడో తేలాల ఈ పొద్దు," అన్నాడు బండివాళ్లలో దుడుకువాడు, ఆయన మేనల్లుడు. "పెద్దోన్ని సంపబోయినాడు. దొంగనాయాలు వాడెవుడో కనపడితే కాళ్లిరగ్గొడ్తా."

మిగతావాళ్లంతా అవునన్నారు. షెడ్డంతా గోల. నా చెయ్యి కోటు జేబులో ఉంది. కాగితంలో చుట్టిన రెండు పొట్లాలు వేళ్లకు తగిలాయి. ఏడాది అవుతోంది అవి అందులో పడి. నోరు తెరవాలని చూశాను. పొట్లాలను పిడికిట్లో నొక్కి పట్టుకున్నాను.

కంబళిలోంచి గొంతు వినిపించింది. "నేనేరా."

అందరూ తిరిగారు.

"పోయిన తూరి నేనే తీసినా. పెట్టేది మర్సిపోయినా. వయసు పైబడలే? బండ్లు దించుకోండి, పొద్దెక్కుతాంది."

ఆయన్ని ఎవరేమనగలరు? ఒక్కొక్కరే తలలు దించుకుని సరుకు దించడానికి పోయారు. ఆయన మాత్రం నావైపు చూడలేదు. పక్కనున్న పలకల పెట్టె మీద వేలితో కొడుతూ, లోపల పలకలు నిలబడి ఉన్నాయో లేదో వింటున్నాడు.

అందరూ దూరం పోయాక బండి దగ్గరికి పోయి పొట్లాలు తీసి పట్టుకున్నాను. ఆయన వాటిని చూశాడు, కాగితం మడతల్లో పట్టిన మాపును చూశాడు. ఎంతకాలంగా జేబులో ఉన్నాయో ఆ మాపే చెప్పింది.

"పెద్దనాయనా, నేను..."

"నా చేతికెందుకు నాయనా? ఆడ పెట్టు," అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, "బండెక్కి పోవాకు. నడిచి పో. ఎంత దూరముందో తెలుస్తాది."

పాతవి పారేసి, అలమరలోంచి కొత్తవి తీసుకుని, ఆ పొద్దే నడిచాను. ఒక గంట పట్టింది. ఒక్కటంటే ఒక్క గంట. ఏడాదిలో నాకు దొరకనిది అంతే. కమ్మరి కొలిమి ఊదుతూ తల కూడా ఎత్తలేదు. పొట్లాలు వేసి, సంచి మూతి బిగించి కట్టి, అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

పెద్దాయన ఆ తర్వాత బండ్ల వెంట పోలేదు. కొలిమి పక్కన పాక వేసుకుని మొదటి సంచి కింద మంచం వేసుకున్నాడు. చివరి బండి వెనక మేనల్లుడు నడిచేవాడు. నేను నెలనెలా నడిచేవాణ్ణి, సంచి చూసేవాణ్ణి, అలమర చూసేవాణ్ణి. రెండేళ్ల తర్వాత నన్ను గిద్దలూరు వేశారు. చెప్పడానికి పోతే ఆయన అడిగింది ఒక్కటే, "నీకు రెండో గుమాస్తా ఎవురు నాయనా?" కొత్తగా వచ్చిన కుర్రవాడికి సంచుల సంగతంతా చెప్పాను. రోజూ రైలొస్తోంది కదండీ అన్నాడు. కోటు కొత్తది.

ఆయన పోయిన సంగతి గిద్దలూరులో చింతపండు వ్యాపారి ఒకాయన మాటల్లో తెలిసింది. అప్పటికే మూడు నెలలైంది. ఆయన బతికుండగా బండివాళ్లకు నిజం చెప్పే అవకాశం అట్లా పోయింది. చివరిదాకా మరుపు ఆయనదే అనుకున్నారు వాళ్లు. ఎప్పుడూ ఏదీ మరిచిపోని మనిషి మీద ఆ మాట నా వల్ల పడింది.

బేస్తవారిపేట నుంచి ఆ రోజు సాయంత్రం బస్సుకు గిద్దలూరు చేరాను. నా భార్య వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. చెప్పులు విడవకముందే చెప్పేశాను. చీల సంగతి, పొట్లాల సంగతి, షెడ్డులో నేను నోరు మూసుకున్న సంగతి, ఆమెతో ఆడిన అబద్ధం. ఇన్నేళ్ల మూట, విప్పితే పావుగంట కూడా పట్టలేదు.

ఆమె గింజలు తియ్యడం ఆపలేదు. "తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఎండాకాలం కోటు ఉతికింది ఎవురు? జేబులో ఉండె. పెట్టొచ్చినావా అని నిన్నడిగితే పెట్టినా అంటివి. సరే, గుర్తొస్తాదిలే అని ఆరినాక మళ్లీ జేబులోనే పెట్టినా."

నేను చెప్పులు విడిచి గోడకు ఆనుకున్నాను.

"నువ్వు ఒక్కనివేనా?" అంది. గింజలు తీసే చెయ్యి ఆగింది ఈసారి. "బతికింది నేను. ఆ పొట్లాలు తిన్నది నేను. నువ్వు పెట్టకుంటే నేను పోయి పెట్టాల్సింది. మూడు మైళ్లు నడిసేకి నాకు కాళ్లు లేవా? మొగోని పని, మనకెందుకులే అనుకుంటి. ఆ కుండ చూపించినప్పుడు మామ ఎంత మురిసిపోయినాడు... కుండకు రెండోది పెట్టుకుంటిగాని, నీకు నేను రెండోదాన్ని కాలేకపోతి."

ఆమె ఇన్నేళ్లూ ఇది మోసిందని నాకు తెలియదు. పక్కన కూర్చున్నాను. ఇద్దరం చాలాసేపు గింజలు తీశాం.

పొద్దున లేచేసరికి ఆమె పాత దుప్పటి ముక్కతో సంచి కుడుతోంది. పక్కన జ్వరం మాత్రల అట్ట, చిన్న అగ్గిపెట్టె, తాడుచుట్ట. బేస్తవారిపేట టీ అంగడి పంచలో మేకు ఉందా అని అడిగింది. ఉందన్నాను. చివరి కుట్టు వేసి, దారం పళ్లతో తెంపి, సంచి నా ఒళ్లో పెట్టింది. మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుని ఇంకో గుడ్డముక్క తీసుకుంది.

"ఒకటి అయింది గదా. ఇది ఎందుకు?" అన్నాను.

ఆమె కళ్లద్దాల పైనుంచి నావైపు చూసింది.

నాకు సిగ్గేసింది. రెండోది కట్టేందుకు కొమరోలు బస్సు ఎన్నింటికో కనుక్కుని రావడానికి చెప్పులేసుకుని బయల్దేరాను.